నాన్నని బడిలో వేసిన బిబియానె

బిబియానె వేటగాళ్ళ ఇంట్లో పుట్టింది గానీ ఆమెకి సముద్రం పడదు. అల లేచిందంటే కడుపులో ఉన్నదీ లేస్తుంది. చిన్నతనంలో వాళ్ళ నాన్న ఇనుతెక్ ఆమెని సీల్ వేటకి వెంట తీసుకెళ్ళాడు. పోయేటప్పుడు కక్కింది, వచ్చేటప్పుడూ కక్కింది. "నీళ్ళని చూడకు, కొండని చూడు," అని ఆయన దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. కొండని చూస్తూ కూడా కక్కింది. ఒడ్డుకి చేరాక ఆయన పడవని రాళ్ళమీదికి లాగి, భార్యతో, "దీనికి నీళ్ళు పడవు. పిండి పడుతుందేమో చూడు," అన్నాడట. ఆ ఒక్క మాటతో ఆమె బతుకుదారి తేలిపోయింది.

పిండి పడింది. వాళ్ళ ఊరైన నూంగ్వాక్‌లో ఉన్న ఒకే ఒక్క కొట్టు వెనక గదిలో రొట్టెలు చేసే ముసలమ్మ దగ్గర చేరి, పిండిని వేలితో నొక్కి దాని మనసులో ఏముందో చెప్పగలిగేంత వరకూ నేర్చుకుంది. ఆరోన్‌ని పెళ్ళి చేసుకుని పట్నం వెళ్ళాక కొన్నాళ్ళు చేపల కార్ఖానాలో రొయ్యలు ఒలిచింది. ఆ చలినీళ్ళకి వేళ్ళు మొద్దుబారి పిండి మాట వినపడకుండా పోతుందేమోనని భయమేసి మానేసింది. తర్వాత బేకరీలో చేరింది. ఆ తర్వాత, ఎరిగినవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టేలా, టెర్నా అనే ఓడ ఎక్కింది.

టెర్నా చిన్న ఓడ. వేసవి వస్తే ముప్పై, నలభై మంది యాత్రికుల్ని ఎక్కించుకుని మంచుకొండల మధ్యనుంచి సముద్రపు పాయల్లోకి దూరి తిరుగుతుంది. బిబియానె పట్టుమని పదిరోజులు ఉండదని ఆరోన్ తోటివాళ్ళతో పందెం కాశాడు. ఓడిపోయాడు. ఎందుకంటే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. మంచు నిండిన నీటిలో అల ఉండదు. గడ్డలన్నీ కలిసి సముద్రం భుజాలమీద చేతులు వేసి కూర్చోబెడతాయి. ఓడ మంచులోకి జొరబడగానే యాత్రికులు కమ్మీలు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడతారు. గడ్డలు ఓడ డొక్కని రాసుకుంటూ గరగరమంటాయి. అప్పుడు కింద వంటగదిలో బిబియానె కూనిరాగం తీస్తూ పిండి పిసుకుతుంది. మంచు దాటి తెరిపి నీళ్ళలోకి వచ్చాక పైనవాళ్ళంతా హమ్మయ్య అనుకుంటారు. బిబియానె బకెట్ దగ్గరికి లాక్కుంటుంది.

ఆ వంటగదిలో పొయ్యికి పైన ఒక ఫొటో అంటించి ఉండేది. అందులో బొద్దుగా ఒక ఆడపిల్ల, చేతిలో తనంత పొడుగు చేప, నోట్లో ముందుపళ్ళు రెండు లేవు. ఆ పిల్ల బిబియానె కూతురు. పేరు ఇనుతెక్.

ముసలి ఇనుతెక్ పోయిన నెలకే ఈ పిల్ల పుట్టింది. పేరేమిటని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో పోయిన మనిషి పేరు చలిలో నిలబడి ఉంటుంది. పుట్టిన బిడ్డ తలుపు తీస్తే లోపలికి వస్తుంది, పేరుతోపాటు మనిషీ వస్తాడు. ఆడా మగా అన్న పట్టింపు పేరుకి లేదు. అందుకని బిబియానె తన కూతుర్ని పుట్టిన రోజునుంచీ "నాన్నా" అనే పిలిచింది. బిబియానె తల్లి మగ్దలీనె ఆ పిల్లని మొగుడి కింద జమకట్టి, "ఏమయ్యా, బూట్లు దులుపుకోకుండా లోపలికొస్తున్నావు, పోయినసారీ ఇదే వరస," అని దెబ్బలాడేది. పిల్ల కూడా మామూలప్పుడు "అమ్మమ్మా" అంటుంది గానీ కోపం వస్తే నడుంమీద చెయ్యి వేసి "మగ్దలీనె" అని పేరు పెట్టి పిలుస్తుంది. ఎవరూ తప్పు పట్టరు. మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిస్తే తప్పేముంది?

అందరికన్నా ఎక్కువ బాగుపడింది ఆరోన్. పట్నంవాడనీ, కుక్కల బండి తోలడం రాదనీ ముసలి మామగారు అతనితో ఏడాదికి మూడు మాటలు మాట్లాడేవాడు. ఇప్పుడు అదే మామగారు పొద్దస్తమానం అతని ఒళ్ళో కూర్చుని అతని చెవులు లాగుతున్నాడు. "మా మామయ్యకి చచ్చాక గానీ నా విలువ తెలియలేదు," అని ఆరోన్ తను పనిచేసే విద్యుత్ కేంద్రంలో అందరితో చెప్పుకునేవాడు. ఆ మామయ్యని మందలించడం మాత్రం అతనివల్ల అయ్యేది కాదు. బిబియానెవల్ల అసలే కాదు. నాన్నని ఎవరు తిడతారు?

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు బడి దగ్గర వచ్చింది.

ఆ ఏడు పిల్లకి బడి ఈడు వచ్చింది. ఆ దేశంలో బడి మొదటిరోజు పెళ్ళితో సమానం. పూసల కంఠాభరణం, తెల్లటి సీల్‌తోలు బూట్లు, ఇంటినిండా కాఫీకి వచ్చే జనం. ఆ రోజు ఆ పిల్ల లేకపోతే తర్వాత ఎన్ని రోజులు వెళ్ళినా వెళ్ళినట్టు కాదు. పైగా బిబియానెకి ఇంకొక బెంగ ఉంది. వాళ్ళ నాన్న చిన్నప్పుడు బడికి పోలేదు. పోయాడు గానీ ఉండలేదు. చర్చి ఉపదేశి పాఠం చెబుతుంటే కిటికీలోంచి సీల్ తల కనబడిందట. ఆయన ఆ కిటికీలోంచే దూకి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడేవాడు. ముసలితనంలో ఒకసారి బిబియానె రొట్టెల పొట్లం మీది అక్షరాలు వేలితో తడుముతూ, "ఇంకో గంట కూర్చుని ఉండవలసింది," అన్నాడు. ఆ మాట ఆమెకి గుచ్చుకుని ఉండిపోయింది. ఈసారి నాన్న బడిలో కూర్చోవాలి. అదీ ఆమె కోరిక.

వేసవంతా పిల్ల నూంగ్వాక్‌లో అమ్మమ్మ దగ్గరే ఉంది. బడి పట్నంలో. బడి తెరిచే వారంలోనే పొగమంచు దిగి హెలికాప్టర్ ఆగిపోయింది. పాయ చివర హిమానీనదం విరిగి, నూంగ్వాక్ ముందు నీళ్ళన్నీ గడ్డలతో నిండిపోయాయి. ఆరోన్ తన చిన్న పడవ వేసుకుని సగం దూరం వచ్చి, మంచు తోవ ఇవ్వక వెనక్కి పోయాడు. ఆ మంచులోంచి నూంగ్వాక్‌కి వెళ్ళి, అక్కడినుంచి పట్నం చేరే ఓడ ఒక్కటే ఉంది. అది టెర్నా.

పొద్దున్నే వేడి రొట్టె కోసం కెప్టెన్ హోగ్ని స్వయంగా వంటగదికి దిగి వస్తాడు. ఫారో దీవుల మనిషి, గడ్డం నెరిసింది, మాట నెమ్మది. అతను వెన్న రాసుకుంటుండగా బిబియానె అడిగింది.

"మా నాన్నగారు నూంగ్వాక్‌లో చిక్కుకుపోయారు. హెలికాప్టర్ లేదు. బడి తెరిచేనాటికి పట్నంలో ఉండాలి. మన ఓడలో తీసుకెళ్ళొచ్చా?"

కెప్టెన్ అడగడమే ఆలస్యమన్నట్టు ఒప్పుకున్నాడు. మనవల బడి మొదటిరోజుకి తాత లేకపోతే ఎలా అన్నాడు. నాన్నగారు ఏం చేస్తారని అడిగాడు. వేటగాడని బిబియానె చెప్పింది. కెప్టెన్ కళ్ళు మెరిశాయి. పాతకాలపు వేటగాడితో కూర్చుని ఒక కప్పు కాఫీ తాగాలని తనకి ఎప్పటినుంచో ఉందన్నాడు.

బిబియానె అబద్ధం ఆడలేదు. ఆమె నోటికి వచ్చే మాటే అది. ఆరేళ్ళుగా ఇంట్లో, వీధిలో, ఫోన్‌లో అదే మాట.

మధ్యాహ్నం హెన్రికె వచ్చింది. యాత్రికులకి దారి చూపించి, కబుర్లు చెప్పే పని ఆ అమ్మాయిది. ఏదైనా ముందే తెలుసుకుని ఏర్పాటు చేస్తేగానీ నిద్రపట్టని మనిషి. పెద్దాయనకి మెట్లు ఎక్కడం కష్టమా అని అడిగింది. ఎక్కడం కాదు, దిగమంటేనే కష్టమని బిబియానె చెప్పింది. చెవులు బాగా వినపడతాయా? వినపడతాయి, కానీ వినరు. పళ్ళు? ముందు రెండూ లేవు, అందుకని ఎండుచేప పక్కపళ్ళతో నములుతుంది.

చివర వచ్చిన ఆ "నములుతుంది"ని హెన్రికె పట్టించుకోలేదు. బిబియానె భాషలో అతడు, ఆమె అని రెండు మాటలు లేవు, ఇద్దరికీ ఒకటే మాట. డేనిష్‌లో మాట్లాడేటప్పుడు ఆమె ఏది ముందు నోటికి వస్తే అది అనేస్తుంది. కెప్టెన్‌నే రెండుమూడుసార్లు "ఆవిడ" అంది. ఓడలో అందరికీ అది అలవాటైపోయింది.

సాయంకాలానికి భోజనశాల బోర్డు మీద ఒక చీటీ వెలిసింది. రేపు నూంగ్వాక్‌లో ఓడ ఎక్కుతున్న ముసలి వేటగాడు ఇనుతెక్ మనతో మాట్లాడతారు, అందరూ రావాలి. యాత్రికులు దానిముందు గుమిగూడి ప్రశ్నలు కూడా తయారు చేసుకుంటున్నారు.

ఆ చీటీ చదివి వంటగదిలోకి వచ్చినవాడు రోమెల్. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన రెండో వంటవాడు, బిబియానెని అక్కా అంటాడు. పొయ్యిమీది ఫొటో వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు.

"అక్కా, నువ్వు రోజూ ఫోన్లో నాన్నా నాన్నా అని మాట్లాడేది ఈ పాపతోనే కదా?"

"అవును."

"రేపు ఎక్కే నాన్నగారు?"

"ఇంకెవరు? నాన్నే."

"ఈ ఓడలో పన్నెండేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించుకోరక్కా."

బిబియానె చేతిలో ఉన్న పిండిముద్ద బల్లమీద పడి, అక్కడే మెల్లగా చదునైపోయింది. ఆ నియమం ఆమెకి తెలుసు. ప్రతి సీజన్ మొదట్లో చదివి వినిపిస్తారు. కానీ అది పిల్లల గురించిన నియమం. నాన్నకి దానితో సంబంధం ఉంటుందని ఆమెకి తట్టనేలేదు.

కెప్టెన్‌కి చెప్పేయాలి. వద్దంటే వద్దంటాడు. దాస్తే మాత్రం ఆయన పెట్టిన నమ్మకం పోతుంది. బిబియానె చేతులు కడుక్కుని, దాల్చినచెక్క రొట్టెలు రెండు పళ్ళెంలో పెట్టుకుని, మెట్లెక్కి ఓడ నడిపే గదికి వెళ్ళింది.

హోగ్ని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ముందు నీళ్ళన్నీ తెల్లగా, అక్కడక్కడ నీలంగా, విరిగిన గడ్డలతో కిక్కిరిసి ఉన్నాయి. ఓడ చీమలా పాకుతోంది. బల్లమీద కలపపిడి ఉన్న మడత కత్తి ఒకటి, మెరిసేలా తుడిచి పెట్టి ఉంది. మీ నాన్నగారికి ఇద్దామని తీశాను, మంచి ఉక్కు అన్నాడు హోగ్ని. అది విని బిబియానె రొట్టెల పళ్ళెం కత్తి పక్కన పెట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మొదటినుంచీ చెబుదామనుకుంది.

"కెప్టెన్, మా నాన్న చనిపోయారు."

వాళ్ళ ఊళ్ళో ఎవరికైనా ఆ మాట చెబితే, విన్నవాళ్ళు వెంటనే "ఇప్పుడెవరు?" అంటారు. ఆ పేరు ఇప్పుడు ఫలానావాళ్ళ పిల్లదని మనం చెబుతాం. మిగతా కథంతా ఆ జవాబులోనే ఉంటుంది. అందుకని బిబియానె ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

హోగ్ని అడగలేదు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఏదో అనబోయాడు. అంతలో పెద్దగడ్డ ఒకటి ఓడ ముక్కుని తాకి దడేలుమంది. అతను చక్రం దగ్గరున్నవాడికి రెండు కేకలు వేసి, ఆమె భుజంమీద చెయ్యి వేసి, మీరు వెళ్ళి పడుకోండి, రొట్టెలు ఎవరైనా చేస్తారు, అన్నాడు.

బిబియానెకి అర్థం కాలేదు. అడగలేదంటే ఆయనకి ముందే తెలుసు కాబోలు, ఈ తీరంలో ఎన్నాళ్ళుగానో తిరుగుతున్న మనిషి, అనుకుంది. బరువు దిగినట్టయి, గదికి పోయి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున టెర్నా నూంగ్వాక్ ముందు లంగరు వేసింది. పొగమంచు కాస్త పలచబడి, రాళ్ళమీద ఎర్రవీ పచ్చవీ నీలపువీ ఇళ్ళు కనబడుతున్నాయి. ఊరి కుక్కలన్నీ ఓడని చూసి ఒక్క గొంతుతో అరిచాయి. మొదటి రబ్బరు పడవలో కెప్టెన్, హెన్రికె, కొందరు యాత్రికులు వెళ్ళారు. బిబియానె రొట్టెల బుట్టలతో రెండో పడవలో కూర్చుంది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఓడ జెండా సగానికి దించి ఉంది.

"రోమెల్, ఓడలో ఎవరు పోయారు?"

"మీ నాన్నగారంటక్కా. కెప్టెన్ చెప్పాడు. నేనేమో చెప్పబోతే ఎవరూ వినలేదు."

ఒడ్డున అప్పటికే జరగవలసింది జరుగుతోంది. సగం దించిన జెండాని ఊరంతా చూసింది. పాపం ఓడలో ఎవరో పోయారనుకుని మగవాళ్ళంతా టోపీలు తీసి రాళ్ళమీద వరసగా నిలబడ్డారు. మగ్దలీనె అయితే పరామర్శకి ఎండుద్రాక్షల కేకు కూడా చేతబట్టుకుని వచ్చింది. ఆమె పక్కన ఇనుతెక్ కొత్త అనోరాక్ చలికోటు తొడుక్కుని, ప్రయాణపు సంచీ మీద కూర్చుని ఉంది. పడవ దిగిన హోగ్ని కూడా టోపీ తీశాడు, అతని వెనక యాత్రికులూ వరసకట్టారు. రెండు వరసలూ ఒకదానికొకటి తలలు వంచుకుని కొంతసేపు అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత హోగ్ని మగ్దలీనె దగ్గరికి వెళ్ళి, మీ ఆయన పోయినందుకు మా ఓడంతా బాధపడుతోందని డేనిష్‌లో మెల్లగా చెప్పాడు.

మగ్దలీనెకి డేనిష్ అర్థమవుతుంది. మాట్లాడడం మాత్రం ఆమెకి ఇష్టం ఉండదు. కేకు చేత్తో పట్టుకునే పిల్లవైపు తిరిగింది.

"ఏమయ్యా, నువ్వు మళ్ళీ చచ్చిపోయావటగా?"

"ఎప్పుడు?" అంది ఇనుతెక్.

"నాకేం తెలుసు? ఓడవాళ్ళు చెబుతున్నారు. పెళ్ళానికి ఏదీ చెప్పవు కదా నువ్వు."

టోపీలు తీసి నిలబడినవాళ్ళలో ఎవరో మొదట కిసుక్కుమన్నారు. రెండో పడవ ఒడ్డు తాకేసరికి ఊరు ఊరంతా రాళ్ళు పట్టుకుని నవ్వుతోంది. మధ్యలో హోగ్ని టోపీ పెట్టుకోవాలో వద్దో తెలియక నిలబడి ఉన్నాడు. బిబియానె నీళ్ళలోకే దిగి పరుగెత్తి వచ్చింది. పిల్ల భుజాలు పట్టుకుని కెప్టెన్ ముందు నిలబెట్టింది.

"కెప్టెన్, ఈయనే మా నాన్న. నిన్న మీరు అడుగుతారనుకున్నాను."

"ఏమని?"

"ఇప్పుడెవరు అని."

ఆమె మొత్తం చెప్పింది. ఈసారి మొదటినుంచి కాదు, చివరినుంచి. హోగ్ని విన్నాడు. విన్నాక పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుని, నీకెన్నేళ్ళని అడిగాడు. ఎనభై చెప్పమ్మా అన్నట్టు ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఇనుతెక్ కుడిచేతిని అనోరాక్‌కి తుడుచుకుని, అతని చేతిలో పెట్టి, "ఆరు," అంది.

హోగ్ని లేచి నిలబడ్డాడు. ముఖంలో నవ్వుంది గానీ తల మాత్రం అడ్డంగా ఊపాడు. తనకీ తాత పేరే పెట్టారు, తాత మీది కోపమంతా నాయనమ్మ తనమీదే తీర్చుకునేది, కాబట్టి పేరు సంగతి తనకి కొత్త కాదు. కానీ యాత్రికులుగా పన్నెండేళ్ళలోపు వాళ్ళని ఎక్కించుకోకూడదన్నది తను పెట్టిన నియమం కాదు, అన్నాడు. బిబియానె వాదించలేదు. రొట్టెల బుట్ట కింద పెట్టి, పిల్ల సంచీ చేతిలోకి తీసుకుంది, ఇంటికి తీసుకుపోదామని. ఇనుతెక్ సంచీకి అవతలి చెవి పట్టుకుని వదల్లేదు. ఏడవనూ లేదు. పొగమంచులోకి, ఓడ వైపు చూస్తూ నిలబడింది.

అప్పుడు హెన్రికె గొంతు సవరించుకుంది. ఆ అమ్మాయి ముఖం కందగడ్డలా ఉంది. అంత పెద్ద తప్పు చీటీ తన జన్మలో రాయలేదు మరి.

"కెప్టెన్, యాత్రికులుగా కదా ఎక్కించుకోకూడదు?"

"అవును."

"బోర్డు మీద నేను యాత్రికుడు అని రాయలేదు. మాట్లాడడానికి వస్తున్నారని రాశాను. ఉపన్యాసం ఇచ్చేవాళ్ళ వయసు గురించి మన నియమాల్లో ఏమీ లేదు."

హోగ్ని గడ్డం గోక్కున్నాడు. పిల్లల లైఫ్ జాకెట్లు ఓడలో ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి, సీలు విప్పలేదు అన్నాడు రోమెల్. పిల్ల వెంట ఎవరైనా పెద్దవాళ్ళు ఉండాలన్నాడు హోగ్ని. మగ్దలీనె కేకుని పక్కింటావిడ చేతిలో పెట్టింది. కుక్కలకి మేత వేయమని నాలుగు మాటలు పురమాయించింది.

"నేను వస్తాను. నా మొగుణ్ణి ఆడవాళ్ళున్న ఓడ ఒంటరిగా ఎక్కించే అలవాటు నాకు లేదు," అంది. డేనిష్‌లోనే అంది, అందరికీ తెలియాలని.

ఓడ జెండా పైకి లేచింది. పరామర్శ కోసం చేసిన కేకూ ఓడ రొట్టెలూ కలిపి మగ్దలీనె ఇంట్లో అందరూ కాఫీ తాగారు. యాత్రికులకి మత్తాక్ ముక్కలు పెట్టారు. తిమింగలం తోలని తెలిశాక కొందరు నమలడం ఆపారు, కొందరు రెండో ముక్క అడిగారు.

సాయంకాలం భోజనశాల కిటకిటలాడింది. ముసలి వేటగాడి కోసం వేసిన పెద్ద కుర్చీలో ఇనుతెక్ కూర్చుంటే బూట్లు మాత్రం ముందుకు పొడుచుకొచ్చాయి. పిల్ల మాటల్ని బిబియానె పక్కన నిలబడి డేనిష్‌లో చెప్పింది, దాన్ని హెన్రికె మళ్ళీ ఇంగ్లిష్‌లో చెప్పింది. బయట గడ్డలు ఓడని రాసుకుంటూ చిటపటమంటున్నాయి. పిల్ల మగ్దలీనె వైపు చూసి మొదలుపెట్టింది.

"నేను ఇనుతెక్‌ని. పోయినసారి మూడు ఎలుగుబంట్లని కొట్టాను. ఈసారి ఒక చేప."

"రెండు," అంది మగ్దలీనె, ముందు వరసలోంచి.

"మూడు."

"మూడోది మా అన్నయ్య కొట్టాడు. నువ్వు చర్మం మోసుకొచ్చావంతే. యాభై ఏళ్ళు చెప్పాను, ఇంకా ఒప్పుకోవు."

ఇనుతెక్ కుర్చీలోంచి దిగింది. నడుంమీద చెయ్యి వేసింది. "మగ్దలీనె, ఇంట్లో మాట్లాడుకుందాం."

హెన్రికె ఇంగ్లిష్ మాట పూర్తి కాకుండానే గది పగిలిపోయేలా నవ్వారు. నవ్వి నవ్వి అలిసిపోయాక, వెనక కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. ఇంతకాలం పంతులమ్మగా పనిచేసిందట. అంత గొప్ప వేటగాడివి, ఇప్పుడు బడికెందుకు వెళ్తున్నావని అడిగింది.

పిల్ల మళ్ళీ కుర్చీ ఎక్కి కూర్చుంది.

"పోయినసారి కిటికీలోంచి వెళ్ళిపోయాను. తర్వాత ఏం చెప్పారో వినలేదు."

బిబియానె ఆ మాటని డేనిష్‌లో చెప్పడానికి కొంచెం ఆలస్యమైంది. మంచులో ఓడ ఏమాత్రం ఊగకుండా నిలకడగానే ఉంది గానీ ఆమె మాత్రం కుర్చీ వీపు పట్టుకుంది.

హోగ్ని చివరన లేచి మడత కత్తిని అందించాడు. పిల్ల చెయ్యి చాపకముందే మగ్దలీనె అందుకుంది. "నా దగ్గరుంటుంది. పోయినసారి కత్తులు నిలుపుకున్నది లేదు," అంది.

బడి తెరిచే రోజు పట్నంలో పొగమంచు ఆనవాలైనా లేదు. టెర్నా రేవులో ఆగి ఉంది. యాత్రికులు కూడా దిగి బడిముందు ఊరి జనంతో కలిసిపోయారు. కొత్త పిల్లలు తెల్లబూట్లతో, పూసల కంఠాభరణాలతో బొమ్మల్లా వరసకట్టారు. ఆరోన్ మామగారి గౌరవార్థం గుప్పిళ్ళతో నాణేలూ చాక్లెట్లూ గాల్లోకి వెదజల్లాడు. వాటికోసం పిల్లలతోపాటు హెన్రికె కూడా వంగింది.

బడి తలుపు తెరిచారు. ఒక్కొక్కళ్ళే లోపలికి వెళ్ళారు. గడప దగ్గర ఇనుతెక్ ఆగిపోయింది. లోపల బల్లలు, గోడలనిండా అక్షరాలు. పిల్ల ముఖం తెల్లబోయింది, పెదవులు బిగుసుకున్నాయి. ఆ ముఖం బిబియానెకి బాగా తెలుసు. పడవలో కూర్చున్నప్పుడల్లా ఆమెదీ అదే ముఖం.

బిబియానె వంగి పిల్ల చెవిలో చెప్పింది.

"నాన్నా, నీళ్ళని చూడకు. కొండని చూడు."

లోపల నల్లబల్ల పక్కన పంతులమ్మ నిలబడి ఉంది. మనిషి పొడుగూ లావూ, దూరంనుంచి చూస్తే కొండలాగే ఉంది. ఇనుతెక్ ఆవిణ్ణి చూస్తూ గడప దాటింది. వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. తలుపు మూశారు.

అందరూ కాఫీకి ఇళ్ళవైపు కదిలారు. బిబియానె చుట్టూ చూస్తే తల్లి కనబడలేదు. వెతుకుతూ బడి వెనక్కి వెళ్ళింది. ఎండవైపు గోడకి ఒక కిటికీ ఉంది, దాని రెక్క ఓరగా తెరిచి ఉంది. కిటికీ కింద రాయిమీద మగ్దలీనె కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటోంది.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"నువ్వు పోయి రొట్టెలు చూసుకో. నాకు నా మొగుడి సంగతి తెలుసు," అంది మగ్దలీనె. "గంట కొట్టేదాకా నేనిక్కడినుంచి కదలను."